ఆ ఇన్ఫో ఫైలు ముందు పీకేయండి

మూడు రోజుల్లో నాలుగు గ్రూపుల్లో ఒకే మెసేజ్ వచ్చింది. “వెబ్‌సైట్ ఉన్న ప్రతి వ్యాపారీ చేయాల్సిన 5 చెక్‌లు” అట. బీసెంట్ రోడ్డులో బట్టల షాపు నడిపే అన్నయ్య పంపాడు, గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే మా బాబాయి పంపాడు. వాళ్ల సైట్లు చూసుకునేది నేనేనన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

తాళం గుర్తు ఉంటే సైటు బాగున్నట్టేనట. అది మధ్యలో ఎవరూ చదవకుండా డేటా వెళ్తోందని చెబుతుంది, అంతే. దొంగ సైటుకీ ఆ తాళానికి కావాల్సిన సర్టిఫికెట్ ఉచితంగానే దొరుకుతుంది. పైగా క్రోమ్ అడ్రస్ బార్‌లో ఆ తాళం బొమ్మను 2023లోనే తీసేశారు. రోజూ ఫోన్లో క్యాష్ (బ్రౌజర్ దాచుకున్న పేజీల కాపీలు) క్లియర్ చేయమన్నది కూడా వదిలేయండి, దానివల్ల సర్వర్‌కి, అంటే మీ సైటు ఉండే కంప్యూటర్‌కి, ఒరిగేదేమీ లేదు.

నా బీపీ పెంచింది మూడోది. “పీహెచ్‌పీ ఇన్ఫో అని ఒక్క లైను రాసిన ఫైలు సైట్లో పెట్టి అలాగే ఉంచండి, సమస్య వస్తే లింకు గ్రూపులో పెట్టండి, తెలిసినవాళ్లు చూసి చెప్తారు.” తెలిసినవాళ్లే చూస్తారు మరి, బాగా తెలిసినవాళ్లు! పీహెచ్‌పీ అంటే సర్వర్లో సైటును నడిపే ప్రోగ్రామింగ్ భాష. ఆ ఫైలు తెరిస్తే పీహెచ్‌పీ ఏ వెర్షనో, దానికి ఏ ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయో, ఫైళ్లు సర్వర్లో ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో అన్నీ కనిపిస్తాయి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌తో (సర్వర్లో ప్రోగ్రాములకు ఇచ్చే సెట్టింగులు) సహా. కొంతమంది డేటాబేస్ పాస్‌వర్డ్ దాచేది సరిగ్గా ఆ వేరియబుల్స్‌లోనే. బీరువాలో ఏముందో చీటీ రాసి వీధి తలుపుకి అంటించినట్టుంది. ఆ పేరుతో ఫైలుందా అని బాట్‌లు (వాటంతటవే తిరిగే ప్రోగ్రాములు) రాత్రింబవళ్లు తడుముతుంటాయి, నమ్మకపోతే మీ యాక్సెస్ లాగ్, అంటే ఎవరు ఏ పేజీ అడిగారో సర్వర్ రాసుకునే చిట్టా, తెరవండి.

ఫైలు తప్పని కాదు. చీర ఫోటో అప్‌లోడ్ కాకపోతే లిమిట్ ఎంతుందో చూడాలి కదా, మార్చకపోతే అది 2 ఎంబీయే. ఐదు నిమిషాలు పెట్టండి, చూడండి, తీసేయండి. వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌తో కట్టిన సైటు అయితే అదీ అక్కర్లేదు: 2019లో వచ్చిన 5.2 నుంచి టూల్స్ కింద సైట్ హెల్త్ ఉంది, లాగిన్ అయితేనే కనిపిస్తుంది.

నాలుగోది, ఎర్రర్ వస్తే ఫోల్డర్లన్నిటికీ పర్మిషన్ (ఎవరు చదవొచ్చో, ఎవరు మార్చొచ్చో చెప్పే అంకె) 777 పెట్టాలట. ఆహా. సర్వర్లో ఉన్న ప్రతి యూజర్‌కీ రాసే హక్కు ఇచ్చేసి, తర్వాత నాకు ఫోన్ చేయండి. మామూలుగా ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644 చాలు.

చివరిది, “నడుస్తున్న పీహెచ్‌పీ వెర్షన్ జోలికి వెళ్లొద్దు.” పీహెచ్‌పీ 7.4కి సెక్యూరిటీ ప్యాచ్‌లు 2022 నవంబరు 28తోనే ఆగిపోయాయి, ఇంకెన్నాళ్లు కూర్చుంటారు? కానీ ఇందులో కొంత నిజముంది, ఒప్పుకోవాలి. దసరా ముందు ఒకరి సైటును చూడకుండా 8కి మార్చేశాను, తెల్ల స్క్రీన్ వచ్చింది. 8లో తీసేసిన ఫంక్షన్‌ని పాత ప్లగిన్ (సైటుకి అదనంగా తగిలించే ప్రోగ్రాము) ఒకటి ఇంకా వాడుతోంది. కాపీ సైటులో ఒకసారి నడిపి చూసుంటే పండగ టెన్షన్ లేకుండా గడిచేది.

ఇంకొకటి కూడా. ఇది రాసే ముందు నేను చూసే సైట్లన్నీ వెతికాను. ఒకదాంట్లో ఆ ఇన్ఫో ఫైలు దొరికింది, తేదీ 2021, పెట్టింది నేనే. తీసేశాను. బాబాయ్, సైటు నీదే.