హ్యాంగింగ్ బాస్కెట్ గారికి నీళ్లబంటు విన్నపం

మా బాల్కనీలో వేలాడే పూలబుట్ట, మహారాజశ్రీ హ్యాంగింగ్ బాస్కెట్ గారి సముఖమునకు, హనుమకొండ నుంచి తమరి నీళ్లబంటు రాసుకునేది ఏమనగా: ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే, ఉభయుల్లో ఒకరు ఇప్పటికే ఎండిపోయి ఉన్నారు.

డిసెంబర్‌లో నర్సరీలో చూసినప్పుడు ఒంటినిండా ఊదారంగు పిటూనియాలతో తమరు పెళ్లికూతురిలా ఉన్నారు. "రోజూ కొంచెం నీళ్లు పోస్తే చాలు సార్" అన్నాడు నర్సరీ అతను. ఆ కొంచెం ఎంతో, రోజుకు ఎన్నిసార్లో చెప్పలేదు. పిటూనియా మన దగ్గర చలికాలపు పువ్వేనని, ఎండలు ముదిరితే సెలవు తీసుకుంటుందని అసలే చెప్పలేదు. నేనూ అడగలేదనుకోండి. పెళ్లిచూపుల్లో అన్నీ అడుగుతామా?

మాది పడమటి బాల్కనీ. ఫిబ్రవరి దాకా పొద్దున ఒక చెంబుతో సరిపెట్టుకున్నారు. మార్చిలో రెండు పూటలా కావాలన్నారు. మే వచ్చేసరికి, పొద్దున పోసింది నేను ఆఫీసులో టిఫిన్ డబ్బా విప్పే వేళకే ఆవిరి. నేలలో మొక్కకైతే కిందంతా చల్లటి మట్టి ఉంటుంది. తమరికి కిందా పైనా చుట్టూ వడగాలి, లోపల చూస్తే నాలుగు దోసిళ్ల సరుకు. రోహిణి కార్తెకు రోళ్లే పగులుతాయి, కొబ్బరి పీచు ఒక లెక్కా!

కాకతీయులు ఇక్కడే చెరువులు కట్టారు. రామప్ప, పాకాల ఇన్ని వందల ఏళ్లుగా నీళ్లు ఆపుతూనే ఉన్నాయి. తమరు ఒక్క లీటరును ఒక్క పూట ఆపలేరు. పైగా కొక్కెం మీద బరువు పడకూడదని మట్టి వద్దని కోకోపీట్, అదే కొబ్బరి పీచు పొట్టు, నింపించుకున్నారు. తేలికంటే రామప్ప గుడిది. 1213 నాటి ఆ గుడి శిఖరానికి నీళ్లలో తేలే ఇటుకలు వాడారు, ఇప్పటికీ నిలబడే ఉంది. తమరి కోకోపీట్ ఒకసారి పూర్తిగా ఎండిందా, అలిగిన కొత్తల్లుడే, నీళ్లు ముట్టదు. చెంబుడు పోస్తే చెంబుడూ అంచుల వెంట జారి, టీ రంగులో, కింది పోర్షన్ వాళ్ల తీగ మీది తెల్ల చొక్కాల మీద పడుతుంది. ఆ అక్క ఒక్క మాట అనలేదు. మూడు చొక్కాలూ మడతపెట్టి తెచ్చి మా గడప మీద పెట్టి వెళ్లింది. తిట్టినా బాగుండేది.

తమరి జంట బుట్టను కోతులు రెండు రోజులు ఉయ్యాల ఊగి, మూడో రోజు గొలుసుతో సహా తీసుకుపోయాయి. పేరులోనే హనుమ ఉన్న ఊళ్లో కోతుల మీద ఎవరికి చెప్పుకుంటాం?

మొన్న నర్సంపేట వైపు ఊరి నుంచి మా అమ్మ వచ్చింది. మిర్చి, పత్తి పండించిన చేయి. తమరిని కాసేపు తలెత్తి చూసి, "గాలిల ఎవుసం ఎవలు నేర్పిన్రు బిడ్డా నీకు?" అంది. దించి, వేలు రెండు కణుపుల దాకా గుచ్చింది. పైపైన తడి, లోపల పొడి దుమ్ము. బకెట్ నిండా నీళ్లు పట్టి తమరిని ముంచింది. చాలాసేపు బుడబుడమని బుడగలు వచ్చాయి. ఐదు నెలల కాపురంలో తమరు నోరు విప్పింది అప్పుడే. అరగంటకు పైకి తీస్తే రెండు చేతులూ పట్టాల్సి వచ్చింది. "రోజు జెర ఎత్తి చూడాలె. అల్కగుంటె పొయ్యాలె, బరువుంటె ఊకోవాలె. గింతే గద" అంది. నీళ్లయితే లోపలికి పోయాయి గానీ, పిటూనియా ప్రాణం అంతకుముందే బయటికి పోయింది.

ఆమె ఇంకేం మాట్లాడకుండా పీచు పీకేసి, తీగబుట్టను సబ్బుతో తోమి, వంటింట్లో వేలాడదీసి ఉల్లిగడ్డలు, ఎల్లిగడ్డలు పోసింది. "ఉట్టిని కొనుక్కొచ్చి చెట్టు పెట్టినవ్. నలుదిక్కుల గాలి తాకితె గడ్డ కుళ్లది."

ఆ గాలికే కదా నా పిటూనియా పోయింది.

నిన్న పొద్దున టీ పెడుతూ తలెత్తితే, ఒక ఉల్లిగడ్డకు వేలెడు పచ్చటి మొలక. చుక్క నీళ్లు పోయలేదని మనవి.

ఇట్లు,
చెంబు చేతబట్టుకున్న తమరి మాజీ బంటు