123 మందేనా?

దుబాయ్‌లో మూడు అంబులెన్స్ బస్సులున్నాయి. ఒక్కోటి 20.03 మీటర్ల పొడవు, లోపలే ఆపరేషన్ థియేటరు, ఐసీయూ. రోగులూ సిబ్బందీ కలిపి 123 మంది పడతారట. ప్రపంచంలోకెల్లా పెద్ద అంబులెన్సులు ఇవేనని 2009లో గిన్నిస్ వాళ్లు తేల్చేశారు. ఇది చదివిన దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. జగిత్యాల, కరీంనగర్ వైపు వాళ్లు అంతమంది ఆ ఊళ్లో ఉండి కూడా, ఒక్కడంటే ఒక్కడు లేచి "సార్, మా ములుగు బస్సును కూడా ఒకసారి కొలవండి" అని చెప్పలేకపోయాడా?

లెక్క చూడండి. 20 మీటర్లకు 123 మంది అంటే మీటరుకు ఆరుగురు. మన ఎర్ర బస్సు పదకొండు మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, సోమవారం పొద్దున హన్మకొండకు పోయేటప్పుడు మీటరుకు తొమ్మిది మందికి తగ్గితే నన్నడగండి. ఫుట్‌బోర్డు వాళ్లను కలపలేదు, వాళ్లను గాల్లో ఉన్నట్టు లెక్క.

అందరూ రోగులేనా అని మీరు అడగొచ్చు. పోయిన నెల మా పెద్దమ్మ మోకాళ్లు చూపించడానికి ఆ బస్సే ఎక్కాను. ఎక్స్‌రే కవరుతో విసురుకుంటున్నవాళ్లు నలుగురు. కిటికీ పక్కన నిమ్మకాయ వాసన చూస్తూ ఒకామె, ఆమె ఒళ్లో జ్వరంతో మూలుగుతున్న పిల్ల. మల్లంపల్లిలో ఒక తాత ఎక్కాడు. ఎడమ చేతి మీద సూది గొట్టం అట్లాగే ఉంది, పైన అంటించిన ప్లాస్టర్ అంచులు నల్లబడి లేచిపోతున్నాయి. రాత్రి ఊళ్లో ఆర్‌ఎంపీ గ్లూకోజ్ ఎక్కించాడట, తెల్లారేసరికి తగ్గకపోతే పెద్ద దవాఖానకు పొమ్మన్నాడట, అక్కడ మళ్లీ పొడుస్తారు కదా అని ఈయన గొట్టం తీయనివ్వలేదు. ఆ చేత్తోనే పైన రాడ్ పట్టుకుని నిలబడ్డాడు. సెలైన్ స్టాండు లేదనే మాటే గానీ, చెయ్యి ఎత్తులోనే ఉంది.

అప్పుడు కండక్టర్ అరిచాడు, "నిలబడగలిగేటోళ్లంత ఎనుకకు జరుగుండ్రి! ఓ తమ్మీ, తాతకు సీటియ్యి!"

మీకు ఇది మామూలు అరుపులాగే వినిపిస్తుంది. కానీ పెద్ద ప్రమాదం జరిగినచోట చాలా దేశాల్లో వైద్య సిబ్బంది మొదట అరిచేది అచ్చంగా ఇదే: నడవగలిగిన వాళ్లంతా అటు పక్కకు రండి అని. అట్లా నడిచి వచ్చిన వాళ్లకు ఆకుపచ్చ చీటీ కడతారు. కదల్లేని వాళ్లకు ఊపిరి, నాడి, తెలివి చూసి, వెంటనే పోవాల్సిన వాళ్లకు ఎరుపు, కాస్త ఆగగలిగిన వాళ్లకు పసుపు కడతారు. అంబులెన్స్ బస్సు పనుల్లో ఒకటి ఈ ఆకుపచ్చ చీటీల వాళ్లను మోయడం, వాళ్లందరినీ ఒకే ట్రిప్పులో దాటిస్తే మామూలు అంబులెన్సులు ఎరుపు చీటీలకు మిగులుతాయి. దీనికోసం అక్కడ ట్రైనింగులు, మాక్ డ్రిల్లులు. మా కండక్టర్ ఒక చేత్తో టికెట్ మిషన్ నొక్కుతూ కానిచ్చేశాడు, ఆడ పేషెంట్లకు జీరో టికెట్ కొట్టి మరీ.

ఇక్కడ గుంతల జోకు వేస్తానని చూస్తున్నారేమో, వేయను. ఆ రోడ్డు ఇప్పుడు బాగానే ఉంది.

బ్రిటన్‌లో అక్రాస్ ట్రస్ట్ అని ఒక సంస్థ జంబులెన్స్ అనే బస్సులు నడిపింది. 18 మీటర్ల బండి, 44 మంది. మంచం దిగలేని వాళ్లను కూడా పడుకోబెట్టి యూరప్‌లో తీర్థయాత్రలకు తిప్పేవాళ్లు. గొప్ప పనే, కాదనను. కానీ మేడారం జాతరప్పుడు మన బస్సు చూశారా? జ్వరం తగ్గితే ఎత్తు బంగారం, అంటే మనిషి ఎత్తు బెల్లం, ఇస్తామని మొక్కినవాళ్లు, తగ్గి తీర్చుకోను పోయేవాళ్లు, ఇంకా తగ్గకపోయినా ముందుజాగ్రత్తగా పోయేవాళ్లు, వాళ్లందరి బెల్లం ముద్దలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, అంతా ఒక్క బండిలో. జంబులెన్స్‌లో కోడికి చోటుందని నేనెక్కడా చదవలేదు.

సరే, 108 ఉంది కదా అంటారు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది, దాన్ని ఒక్క మాట అన్నా ఊరుకోను, మా మేనల్లుడు పుట్టింది అందులోనే. కానీ బండికి ఉండేది ఒక స్ట్రెచర్. మిర్చి ఏరే కాలంలో ఒక్క ఆటోలో పద్దెనిమిది మంది కూలీలు పోతారు, డ్రైవర్‌కు ఆ పక్క ఇద్దరు, ఈ పక్క ఇద్దరు, వెనక డోరు మీద కాళ్లు వేలాడేసుకుని ముగ్గురు. అది మలుపులో పడితే ఎన్ని 108లు రావాలి? చేనుకు పోయేటప్పుడు పద్దెనిమిది మందికి ఒక బండి చాలింది, దవాఖానకు పోవాల్సొస్తే మాత్రం తలా ఒక బండి కావాలట! కూలీలకు ఇంత విలాసం ఎక్కడిది? అందుకే మొదటి 108 వచ్చేలోపే దారిన పోయే ట్రాక్టరు, ఇసుక లారీ, పెళ్లికి పోతున్న వ్యాను, ఏది ఆగితే అందులో ఎక్కిస్తారు. ఎరుపు, ఆకుపచ్చ తేడా ఏం లేదు, ఎవరు దగ్గరుంటే వాళ్లు ముందు. పాత బస్సొకటి తీసుకుని, సీట్లు పీకేసి, రెండు పక్కలా స్ట్రెచర్లు, నాలుగు ఆక్సిజన్ సిలిండర్లు, ఇద్దరు నర్సులను పెట్టి జిల్లాకొకటి నిలబెట్టొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తే, దయచేసి ఆపుకోండి. అట్లా చేస్తే అది అంబులెన్స్ అయిపోతుంది, మన రికార్డు పోతుంది.

హన్మకొండలో బస్సు ఆగగానే కండక్టర్ "దవాఖానకు పోయేటోళ్లు దిగాలె" అన్నాడు. సగం బస్సు దిగింది. తాత దిగేటప్పుడు చెయ్యి పైకే పెట్టుకుని దిగాడు, మా పెద్దమ్మ నా భుజం పట్టుకుని మెట్టు మెట్టుకూ సమ్మక్క తల్లిని తలుచుకుంది.

గిన్నిస్ వాళ్లకు దరఖాస్తు రాసి పెట్టాను. కొలతకు వచ్చేటట్టయితే సోమవారం రావాలి, ములుగు బస్టాండులో పొద్దున ఏడింటికల్లా. టేపు వాళ్లే తెచ్చుకోవాలి. సీటు కావాలంటే కిటికీలోంచి కర్చీఫ్ వేసుకోవాలి, ఆ విషయంలో నేనేం సాయం చేయలేను.