తగ్గింది ధర కాదట!

"ద్రవ్యోల్బణం తగ్గింది" అని టీవీలో స్క్రోలింగ్ వచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. తగ్గింది ధరలు కాదు మహాప్రభో, అవి పెరిగే వేగం! 100 రూపాయల సరుకు నిరుడు 110 అయి, ఈ ఏడు 113 అయితే దాన్నే తగ్గడం అంటారు. జీతం మాత్రం ఆ 100 దగ్గరే కూర్చుంది.

వంటనూనె సంగతే చూడండి. మనం వాడే దాంట్లో సగానికి పైగా దిగుమతే. పామాయిల్ ఎక్కువగా ఇండోనేషియా, మలేషియాల నుంచి వస్తుంది. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద ప్రాథమిక దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచారు. మన నూనెగింజల రైతుకు గిట్టుబాటు కావాలన్నారు. సరే, కాదనను. కానీ మా వీధి కొట్లో అప్పటికే ఉన్న ప్యాకెట్లకు కూడా మర్నాడే కొత్త రేటు! 2025 మే చివర్లో అదే సుంకం 10 శాతానికి దిగితే మాత్రం "పాత స్టాకండీ, అయిపోనివ్వండి" అన్నాడు. పెరిగేటప్పుడు లేని పాత స్టాకు తగ్గేటప్పుడు ఎక్కణ్ణుంచి ఊడిపడుతుందో!

పైగా జీడీపీ (దేశంలో ఏడాదికి తయారయ్యే సరుకులు, సేవల మొత్తం విలువ) పెరిగిందని సంబరాలొకటి. పెరగనివ్వండి. ముందు ఆ ప్యాకెట్టు సంగతి చెప్పండి. చూడ్డానికి అచ్చం లీటరులానే ఉంటుంది, తిప్పి చదివితే 850 గ్రాములు. లీటరు నూనె 910 గ్రాముల దాకా తూగుతుంది కదండీ!