క్లోరిన్ లెక్క తేలాలి

సముద్రపు నీటి నుంచి నేరుగా హైడ్రోజన్ తీసే కొత్త ఉత్ప్రేరకం (తాను ఖర్చు కాకుండా రసాయన చర్యను సులువు చేసే పదార్థం) దొరికిందంటూ ఏదో ఒక ప్రయోగశాల ప్రకటించడం ఈమధ్య మామూలైపోయింది. భూమ్మీది నీటిలో 97 శాతం ఉప్పునీరే కాబట్టి ఇక ఇంధనానికి కొదవ లేదన్నట్టుగా ప్రచారం సాగుతోంది. పరిశోధనకు చేయూత ఉండాల్సిందే. ప్రచారం మాత్రం అసలు చిక్కును మరుగున పడేస్తోంది.

ముందుగా ఒక అపోహ తొలగాలి. ఉత్ప్రేరకం ఇంధనం కాదు. నీటిని కరెంటుతో హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టడానికి సిద్ధాంతరీత్యా కనీసం 1.23 వోల్టులు కావాలి. ఎంత గొప్ప ఉత్ప్రేరకమైనా ఆ హద్దు దాటి కిందికి దిగలేదు, ఆపైన అయ్యే వృథాను తగ్గించడమే దాని పని. నేటి యంత్రాలు కిలో హైడ్రోజన్‌కు 50 యూనిట్లకు పైగా కరెంటు తాగుతున్నాయి. ఆ కరెంటు బొగ్గు నుంచి వస్తే కాలుష్యం చోటు మారుతుందే తప్ప తగ్గదు. నీళ్లు పోస్తే పరుగెత్తే కారు కథలు ఇంకా చలామణి అవుతున్నాయంటే ఈ చిన్న విషయం జనానికి చేరలేదనే అర్థం.

ఇంగ్లండ్‌లో నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు 1800లో బ్యాటరీ తీగలను నీటిలో ముంచి వాయువులు రాబట్టారు. సూత్రం ఇప్పటికీ అదే. ఉప్పు చేరితేనే కథ మారుతుంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటే, అందులో 19 గ్రాములు క్లోరైడే. నీటిలో ముంచిన ధన ఎలక్ట్రోడ్, అంటే ఆనోడ్ దగ్గర ఒక ఆక్సిజన్ అణువు పుట్టాలంటే నాలుగు ఎలక్ట్రాన్లు కదలాలి. క్లోరిన్‌కు రెండు చాలు. అందుకే వోల్టేజి కాస్త పెరగ్గానే క్లోరిన్ ముందుకు తోసుకొస్తుంది. అది విషవాయువు, పైగా లోహాన్ని తినేస్తుంది. హైడ్రోజన్ వెలువడే రుణ ఎలక్ట్రోడ్, అంటే కాథోడ్ వైపు తంటా వేరే. అక్కడ నీరు క్షారంగా మారడంతో మెగ్నీషియం, కాల్షియం లవణాలు వాటర్ హీటర్ కాయిల్‌కు పట్టినట్టు తెల్లగా పేరుకుని ఎలక్ట్రోడ్‌ను కప్పేస్తాయి.

క్లోరిన్‌కు పరిశ్రమల్లో గిరాకీ ఉంది, అమ్ముకుంటే పోలేదా అనేవారూ ఉన్నారు. ఆనోడ్ దగ్గర ఆక్సిజన్‌కు బదులు క్లోరినే వస్తే, కిలో హైడ్రోజన్‌కు 35 కిలోల క్లోరిన్ తేలుతుంది. ప్రపంచం ఏటా వాడే హైడ్రోజన్ 9 కోట్ల టన్నులు దాటింది. అందులో పదో వంతు ఈ దారిలో తీసినా 30 కోట్ల టన్నులకు పైగా క్లోరిన్ మిగులుతుంది. అంత సరుకు కొనే మార్కెట్ ఎక్కడా లేదు.

స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 2019లో చూపిన ఉపాయం నిజంగా చక్కనిది. స్పంజిలా రంధ్రాలుండే నికెల్ ఫోమ్ మీద నికెల్ సల్ఫైడ్ పొర, దాని మీద నికెల్, ఇనుముల ఉత్ప్రేరకం. కరెంటు పారుతున్నప్పుడు అక్కడే రుణావేశపు పొర ఏర్పడి క్లోరైడ్‌ను దగ్గరికి రానివ్వదు. ఆ రక్షణ లేకపోతే పన్నెండు గంటల్లో పాడయ్యే ఆనోడ్ వెయ్యి గంటలకు పైగా నిలిచింది. అయితే ఆ నీటిలో ముందుగా క్షారం కలిపారు. 2022లో చైనా బృందం మరో దారి పట్టింది. నీటి ఆవిరిని మాత్రమే పోనిచ్చే పొరతో ఉప్పును బయటే ఆపి, 3,200 గంటలు నడిపింది. అంటే నాలుగున్నర నెలలు. పరిశ్రమలో యంత్రం 60 వేల గంటలైనా పనిచేయాలని ఆశిస్తారు.

ప్రచారంలో అసలు వినిపించని లెక్క ఇంకొకటి ఉంది. వెయ్యి లీటర్ల సముద్రపు నీటిని మంచినీరుగా మార్చడానికి మూడు నాలుగు యూనిట్లు చాలు. కిలో హైడ్రోజన్‌లోకి వెళ్లేది తొమ్మిది లీటర్ల నీరే. ఉప్పు తీయడానికయ్యే కరెంటు, ఆ నీటిని విడగొట్టే కరెంటులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ దశను తప్పించడానికి ఇంత తంటా ఎందుకన్న ప్రశ్నకు పరిశోధకులే సూటిగా జవాబు చెప్పాలి. నడిసముద్రంలో గాలిమరల పక్కన, జాగా ఇరుకైన వేదికల మీద, ఉప్పునీటినే నేరుగా విడగొట్టే ఈ నేరు పద్ధతి నెగ్గవచ్చు. నేటి కొన్ని యంత్రాల్లో ఉత్ప్రేరకంగా వాడే, ఏటా ఏడెనిమిది టన్నులే దొరికే ఇరిడియం అనే లోహం స్థానంలో నికెల్, ఇనుము నిలబడితే ఆ మేలు మంచినీటి యంత్రాలకూ అందుతుంది. ఈ పరిశోధనలో మాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తున్నది ఇదే.

ఇకపై ఇలాంటి ప్రకటన వెలువడినప్పుడు, వాడింది సముద్రం నుంచి తెచ్చిన నీరా, ల్యాబ్‌లో కలిపిన ఉప్పునీరా చెప్పాలి. ఎంత కరెంటు సాంద్రత (ఎలక్ట్రోడ్ ఒక్కో చదరపు సెంటీమీటరు గుండా పారే కరెంటు) వద్ద ఎన్ని గంటలు నడిచింది, క్లోరిన్ ఎంత వచ్చింది అన్నవీ మొదటి పేరాలోనే ఉండాలి. నిధులిచ్చే సంస్థలు దీన్ని షరతుగా పెట్టాలి. ఇవాళ ప్లాంటు కట్టదలచిన వారు ఉప్పు తీసిన నీటితోనే మొదలుపెట్టాలి. నేరు పద్ధతికి పరిశోధన పద్దు కింద డబ్బివ్వాలే గానీ, దాని దిగుబడిని ఉత్పత్తి లక్ష్యాల్లో ఇప్పుడే కలిపి చూపడం తగదు.