సముద్రపు అడుగు కొవ్వుపై తిరుగుతున్న సందేశానికి జవాబు

కొన్ని వారాలుగా తిరుపతి, చిత్తూరు వాట్సాప్ బృందాల్లో ఒక సందేశం చేతులు మారుతోంది. సముద్రపు అడుగు బురదలోంచి సూక్ష్మజీవుల కొవ్వు తీసి, లక్షల ఏళ్ల కిందటి సముద్రం ఎంత వెచ్చగా ఉండేదో చెప్పడం చిలక జోస్యంతో సమానమని దాని సారాంశం. కొవ్వు అన్నాళ్లు నిలవదని, థర్మామీటరు లేని కాలానికి కొలత ఎక్కడిదని, నదులు తెచ్చే మట్టితో లెక్క చెడుతుందని, పద్ధతి తప్పని శాస్త్రవేత్తలే ఒప్పుకున్నారని అందులో నాలుగు ఆరోపణలున్నాయి. మొదటిది పూర్తిగా తప్పు. చివరిది సగం నిజం, ఆ సగం వల్లే సందేశం నమ్మదగినదిగా కనిపిస్తోంది.

నెయ్యి నాలుగు నెలలకే ముక్కిపోతుంది కదా, కొవ్వు లక్షల ఏళ్లు ఎలా ఉంటుందని సందేశం ప్రశ్నిస్తోంది. నేతిలోనూ నూనెలోనూ కొవ్వు ఆమ్లాలు గ్లిసరాల్‌ను ఎస్టర్ బంధంతో పట్టుకుని ఉంటాయి. ఆ బంధం క్షారానికి తెగుతుంది కాబట్టే కాలేజీ ల్యాబులో కొబ్బరినూనె, కాస్టిక్ సోడా కలిపి సబ్బు చేయగలుగుతాము. సముద్రంలోని ఆర్కియా అనే సూక్ష్మజీవుల పొరలో ఉండేది ఈథర్ బంధం. కాస్టిక్ సోడాలో ఎంతసేపు మరిగించినా అది సబ్బు కాదు. పైగా 40 కార్బన్ల గొలుసులు రెండు, 3 కార్బన్ల గ్లిసరాళ్లు రెండు కలిసి 86 కార్బన్ల ఒకే పెద్ద అణువుగా పొరను ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కుడతాయి. ఈ పద్ధతికి టెక్స్86 అన్న పేరులోని 86 అక్కడిదే. జురాసిక్ కాలపు అవక్షేపాల్లో, అంటే నీటి అడుగున పేరుకున్న పాతమట్టిలో సైతం ఈ అణువులు దొరికాయి. అలాగైతే తిరుమల కొండరాళ్లను పరీక్షించి చూపండి అన్న ఎకసెక్కానికీ జవాబుంది: ఆ రాళ్ల వయసు నూరు కోట్ల ఏళ్లకు పైమాటే, భూగర్భంలో పూడి అంతగా కాగిన రాళ్లలో ఈ అణువులు మిగలవు. ఎక్కడైనా దొరుకుతుందని ఎవరూ అనలేదు.

ఈ కొవ్వుకు ఉష్ణోగ్రతతో సంబంధమేమిటో సందేశం రాసినవారు పట్టించుకోలేదు. కొబ్బరినూనె చలికాలంలో గడ్డకట్టి ఎండలో పల్చబడినట్టే, జీవకణపు పొర కూడా వేడికి వదులవుతుంది. అలా వదులు కాకుండా ఆర్కియా తన కొవ్వు గొలుసుల్లో ఐదు కార్బన్ల చిన్న వలయాలను పెంచుకుని పొరను బిగువుగా ఉంచుకుంటుంది. నీరు వెచ్చనయ్యే కొద్దీ వలయాల సగటు సంఖ్య పెరుగుతుంది. జీవి చనిపోయాక, వలయాలు ఎక్కువున్న అణువులకూ తక్కువున్న అణువులకూ మధ్య నిష్పత్తి బురదలో మిగిలిపోతుంది. అణువులను బరువును బట్టి వేరుచేసే ద్రవ్యరాశి వర్ణపటమాపకంతో (మాస్ స్పెక్ట్రోమీటరు) దాన్ని లెక్కిస్తారు. ఆ అంకెనే టెక్స్86 సూచిక అంటారు.

థర్మామీటరు లేదన్న ఆరోపణకు ఇక్కడే సమాధానం మొదలవుతుంది. 2002లో నెదర్లాండ్స్‌లో షూటెన్ బృందం ఈ సూచికను ప్రతిపాదించినప్పుడు చేసిన పని, నేటి సముద్రపు అడుగున పైపొర మట్టిలోని నిష్పత్తిని, ఆ చోట ఇప్పుడు కొలిచి ఉన్న ఉపరితల ఉష్ణోగ్రతతో పోల్చడం. ఆ పోలికతో వచ్చిన సూత్రం ప్రకారం సూచిక = 0.015 × ఉష్ణోగ్రత + 0.28. అంటే సూచిక 0.70 వస్తే 28 డిగ్రీలు. 2010లో కిమ్ బృందం ఇచ్చిన లాగరిథమ్ సూత్రంలో వేసినా అదే 0.70కి దాదాపు 28 డిగ్రీలే వస్తాయి. కానీ సూచిక 0.90 అనుకోండి, మొదటి సూత్రం 41 డిగ్రీలంటుంది, రెండోది 35.5 అంటుంది. నేటి సముద్రంలో సరిచూసుకోగల పరిధిలో రెండూ ఏకీభవిస్తాయి, ఆ పరిధి దాటితే విడిపోతాయి. కనుక అతివెచ్చని ప్రాచీన సముద్రాలకు ఇచ్చే అంకెలను అనుమానంతో చదవడం న్యాయమే. ఆ అనుమానాన్ని మొత్తం పద్ధతికి అంటగట్టడం మాత్రం న్యాయం కాదు. 2010 సూత్రంలో 2.5 డిగ్రీల మేర దోషం ఉండవచ్చని దాన్ని ఇచ్చినవారే ప్రకటించారు, చిలక జోస్యంలో అటువంటి అంకె నేనెన్నడూ వినలేదు.

నదుల మాట వాస్తవమే. మన స్వర్ణముఖి కూడా తిరుపతి మట్టిని మోసుకుపోయి బంగాళాఖాతంలో కలుపుతుంది. అయితే నేలలోని బ్యాక్టీరియా చేసే కొవ్వుకు కొమ్మలున్న గొలుసులుంటాయి కాబట్టి, ఆ కొవ్వు వంతు ఎంతో చూసి నేలమట్టి కలిసిన నమూనాలను పక్కన పెట్టడానికి 2004లోనే బిట్ అనే సూచిక వచ్చింది.

ఇక పద్ధతి తప్పని శాస్త్రవేత్తలే ఒప్పుకున్నారన్న చివరి ఆరోపణ. 2015లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఆర్కియాను ప్రయోగశాలలో ఒకే ఉష్ణోగ్రత వద్ద పెంచి, ఆక్సిజన్‌ను మాత్రం తగ్గించినప్పుడు, సూచిక నీరు వెచ్చబడినట్టు చూపింది. ఇది చిన్న విషయం కాదు, ముఖ్యంగా మనకు, ఎందుకంటే బంగాళాఖాతంలోనూ అరేబియా సముద్రంలోనూ కొన్ని వందల మీటర్ల లోతున ఆక్సిజన్ బాగా తక్కువగా ఉండే పొర ఉంది. ఆర్కియా ఉపరితలంలో కంటే ఉపరితలానికి దిగువనే ఎక్కువగా బతుకుతుంది. అందుకే ఒక్క సూచికను నమ్ముకోకుండా శైవలాలు (నాచు జాతి జీవులు) చేసే ఆల్కెనోన్లు అనే కొవ్వులు, ఫొరామినిఫెరా అనే ఏకకణ సముద్రజీవుల గుల్లల్లోని మెగ్నీషియం వంతు కూడా చూస్తారు. వీటికీ పరిమితులున్నాయి. ఆల్కెనోన్ సూచిక 28, 29 డిగ్రీల దగ్గర తన గరిష్ఠాన్ని చేరుతుంది, బంగాళాఖాతపు ఉపరితలం చాలా నెలలు అంతకు తక్కువుండదు. గుల్లల మెగ్నీషియంపై ఉప్పదనం కొంత ప్రభావం చూపుతుంది, నదీజలాలు దండిగా చేరే ఈ సముద్రంలో ఉప్పదనం స్థిరంగా ఉండదు.

2014 చివర, 2015 మొదట్లో జోయిడిస్ రిజల్యూషన్ అనే పరిశోధన నౌక బంగాళాఖాతం, అండమాన్ సముద్రాల్లో రుతుపవనాల చరిత్ర కోసం అవక్షేపాలను తవ్వి తీసింది. అటువంటి మట్టిలో టెక్స్86 ఒక్కటే రెండు డిగ్రీల వేడిమి పెరిగిందని చెబితే, అది ఆక్సిజన్ మాయ కావచ్చునని అడగడం సబబు. గుల్లల మెగ్నీషియం కూడా, వేరే కారణాలతో దోషపడే కొలత అయి ఉండి, అదే పెరుగుదలను చూపితే ఆ అనుమానానికి బలం తగ్గుతుంది.