ఉప్పు, మిరియాల డబ్బాల మ్యూజియం పది నిమిషాల పనా?
అమెరికాలో టెన్నెసీ రాష్ట్రంలోని గాట్లిన్‌బర్గ్‌లో ఉన్న ఉప్పు, మిరియాల డబ్బాల మ్యూజియం పది నిమిషాల టైంపాస్ అని ఒకరు రాస్తే చదివాను, ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను. మేం అట్లాంటా నుంచి స్మోకీ మౌంటెన్స్ వెళ్ళినప్పుడు వాన పట్టుకుంటే అందులోకి దూరాం, టికెట్ 3 డాలర్లే, అదీ గిఫ్ట్ షాపులో ఏదైనా కొంటే తగ్గించేశారు, గంటన్నర దాకా మా అమ్మ బయటికి రాలేదు. 20,000కి పైగా జతలండీ, పళ్ళు, కూరగాయలు, కోళ్ళు, ఒకదాన్నొకటి వాటేసుకున్న బొమ్మలు! ఆండ్రియా లుడెన్ అనే ఆవిడ, ఆర్కియాలజీ చదివినావిడ, సరిగ్గా పనిచేసే మిరియాల మర దొరక్క ఇంకోటి ఇంకోటి కొని కిటికీలో పెడితే చుట్టుపక్కలవాళ్ళు ఇవి పోగుచేస్తోంది కాబోలు అనుకున్నారట, అక్కణ్ణుంచి ఇంత పెరిగింది. అసలు ఉప్పు చల్లుకునే డబ్బా ఇంటింటికీ వచ్చిందే అమెరికాలో ఉప్పు గడ్డకట్టకుండా మెగ్నీషియం కార్బొనేట్ కలపడం మొదలయ్యాక, మోర్టన్ అనే ఉప్పు కంపెనీ 1911లో కలిపింది. మా ఇంట్లో ఏమో కల్లుప్పు పింగాణీ జాడీలోనే, వానాకాలం వస్తే నీళ్ళు కారుతూ ఉండేది. అందుకే అమ్మ ప్రతి డబ్బాకీ చిల్లులు ఎన్నున్నాయో వంగి వంగి చూసింది, ఎక్కువ చిల్లులున్నది ఉప్పుదా మిరియాలదా అని నాతో వాదన కూడా పెట్టుకుంది. ఎర్ర టమాటాల జత ఒకటి కొనుక్కుంది, ఇప్పుడది కాకినాడలో మా డైనింగ్ టేబుల్ మీద ఉంది, ఉప్పులో నాలుగు బియ్యపు గింజలు వేసి మరీ వాడుతోంది.