కొబ్బరికాయ కొట్టాక తెలిస్తే ఏం లాభం?

చిన్న పట్టణాల్లో మున్సిపాలిటీ వార్త జనానికి చేరే తీరు దాదాపు ఎక్కడైనా ఒకటే. వీధిలో శంకుస్థాపన జరుగుతుంది, కొబ్బరికాయ కొడతారు, గంట తిరక్కుండా ఆ ఫొటో వార్డు వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేస్తుంది. ఫలానా వీధికి ఇన్ని లక్షలతో సీసీ రోడ్డు అన్న ముక్క తప్ప అందులో మరేమీ ఉండదు. రోడ్డు ఎంత మందం, పక్కన కాలువ కడతారా, కింద ఉన్న పాత మంచినీటి పైపు మారుస్తారా అన్నవి అంతకు ఎన్నో వారాల ముందే అంచనాల కాగితంలో తేలిపోయి ఉంటాయి. వీధివాళ్లు నోరు తెరవాల్సిన సమయం అది. సరిగ్గా ఆ సమయంలోనే వాళ్లకు కబురు అందదు.

ఈ లోటుకు మూలం పట్టణం పుట్టిన తీరులో ఉంది. పంచాయతీగా ఉన్నంతకాలం ఊరికి గ్రామసభ ఉంటుంది. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టమైతే రెండు నెలలకోసారి సభ జరపాలని చెబుతోంది. ఆ సభలు ఎంత తూతూమంత్రంగా నడుస్తాయన్నది వేరే చర్చ. పనుల జాబితా పదిమంది ముందు చదవాల్సిన చోటంటూ ఒకటి చట్టంలో ఉంది. అదే ఊరు పక్క పల్లెలను కలుపుకొని మున్సిపాలిటీ అయిన రోజున ఆ సభ పోతుంది. ఉపాధి హామీ పని పోయిందని కూలీలు వెంటనే గుర్తిస్తారు. ఇంటి పన్ను పెరిగిందని ఇంటివాళ్లు గుర్తిస్తారు. గ్రామసభ పోయిందని గుర్తించేవాళ్లు అరుదు.

దాని స్థానంలో ఏం వచ్చింది? పట్టణ పాలనకు రాజ్యాంగ ప్రతిపత్తి ఇచ్చిన 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. అందులోని 243-ఎస్ అధికరణ వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది గానీ, 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న చోట్లకే. నలభై వేలో డెబ్భై వేలో జనం ఉండే మన పట్టణాలు ఆ లెక్కలోకి రావు. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం ఈ ఖాళీని పూడ్చే ప్రయత్నం చేసింది. ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో 4 కమిటీలు, ఒక్కోదానిలో 15 మంది సభ్యులు ఉండాలంది. అంటే వార్డుకు 60 మంది. కాగితం మీద ఇది చాలా మంచి ఏర్పాటు. అయితే ఆ 60 మందికి ఏ కాగితం, ఎన్ని రోజుల ముందు చేరాలో తేల్చకపోతే కమిటీ అంటే పేర్ల పట్టికే. ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయాలు వచ్చాక పారిశుద్ధ్యానికి, వసతులకు, ప్లానింగుకు వేర్వేరు కార్యదర్శులు జనానికి దగ్గరయ్యారు. కుళాయి రావట్లేదని చెప్పడానికి ఆఫీసు దాకా పోనక్కర్లేదు, అది నిజమైన మేలు. కానీ సచివాలయం ఫిర్యాదు ఇచ్చే చోటు. ఏ పని ముందు చేయాలో మాట్లాడుకునే చోటు ఇప్పటికీ లేదు.

ఫైలు నడిచే దారి తెలిస్తే ఎక్కడ అడగాలో తెలుస్తుంది. వార్డు నుంచి విన్నపం వెళ్తుంది, ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు, వచ్చి కొలతలు తీసి ఎస్టిమేట్ (అంచనాల కాగితం) వేస్తారు, దానికి సాంకేతిక మంజూరు వస్తుంది, కౌన్సిల్ ఎజెండాలో అంశంగా ఎక్కుతుంది, తీర్మానం అవుతుంది. ఆ తర్వాత టెండరు, ఒప్పందం, పని, ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో నమోదు, బిల్లు. ఈ వరుస కొన్నిసార్లు కాస్త అటూఇటూ కావచ్చు. ఒప్పందం మీద సంతకాలు పడ్డాక మాత్రం ఎస్టిమేట్‌లో లేని పని కాంట్రాక్టరు చేయడు, చేసినా బిల్లు రాదు. కాబట్టి వీధివాళ్ల మాటకు విలువ ఉండేది కొలతలు తీసే రోజుకూ తీర్మానం అయ్యే రోజుకూ మధ్యనే.

ఎజెండా చూసేటప్పుడు రెండు రకాల అంశాల దగ్గర ఆగాలి. మొదటిది, ఇప్పటికే చేసేసిన పనికి ఆమోదం కోరే అంశం. వేసవిలో మోటారు కాలిపోతే కౌన్సిల్ సమావేశం దాకా ఆగలేరు, ముందు బాగు చేయించి తర్వాత ఆమోదం తీసుకోవడం న్యాయమే. కానీ వీధి దీపాల కొనుగోలు, పండగ ఏర్పాట్లు, మురుగు కాలువలు శుభ్రం చేసే జెట్టింగ్ యంత్రం అద్దె కూడా నెలనెలా ఇదే దారిలో వస్తుంటే ముందుచూపు లేదని అర్థం. రెండోది టేబుల్ ఎజెండా. కౌన్సిలర్లు కుర్చీల్లో కూర్చున్నాక చేతికిచ్చే కాగితం అది. ఎవరూ చదివి రాని అంశం కాబట్టి చర్చ లేకుండా గట్టెక్కుతుంది. ఒక ఏడాదిలో ఈ రెండు దారుల్లో ఎన్ని అంశాలు వచ్చాయో లెక్కగడితే ఆ మున్సిపాలిటీ పనితీరు చాలావరకు తేటపడుతుంది.

ఒక సీసీ రోడ్డును దగ్గరగా చూద్దాం. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అనుకుంటే కాంక్రీటు 45 ఘనపు మీటర్లు. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో కలిపే ఎం20 రకం కాంక్రీటుకు ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు పడుతుంది. అంటే 360 బస్తాలు. మందం 10 సెంటీమీటర్లకు జారితే 15 ఘనపు మీటర్ల కాంక్రీటు, 120 బస్తాల సిమెంటు తగ్గినట్టే. అంచు దగ్గర టేపు పెట్టి చూస్తే ఇది దొరకదు. అంచుల్లో 15 ఉండి, మధ్యలో మట్టి ఉబ్బెత్తుగా వదిలేసి అక్కడ పలచగా పోసే వీలుంది. కాంక్రీటు పడకముందే అచ్చుగా పక్కల బిగించిన రెండు ఛానళ్ల పైఅంచుల మధ్య దారం బిగువుగా లాగి, దారం నుంచి కింది నేల దాకా మూడు చోట్ల కొలవాలి. పది మీటర్లకోసారి ఇలా కొలిస్తే అరగంట పని. పోసేశాక ఇదే సంగతి తేల్చాలంటే కోర్, అంటే గట్టిపడ్డ రోడ్డులోంచి గుండ్రటి ముక్క, కోసి తీయాలి, దానికి యంత్రం కావాలి, ఎవరో ఉత్తర్వు ఇవ్వాలి.

పోసిన తర్వాత వీధివాళ్లు కనిపెట్టి చూడాల్సింది క్యూరింగ్, అంటే కాంక్రీటును తడిగా ఉంచడం. మట్టి గట్లతో మడులు కట్టి కనీసం 14 రోజులు నీళ్లు నిలపాలి. ఎండాకాలంలో ఒక్క మధ్యాహ్నం మడి ఎండినా పైపొర బలహీనపడుతుంది, ఏడాది తిరిగేసరికి దుమ్ము లేచి కంకర పైకి తేలుతుంది. నీళ్లు ఎవరు పెట్టాలన్నది ఎస్టిమేట్‌లోనే ఉంటుంది, అది కాంట్రాక్టరు బాధ్యత. వీధివాళ్లు దయతలచి పోస్తే మంచిదే, వాళ్ల పని మాత్రం కాదు.

ఇంతకంటే పెద్ద నష్టం ఎస్టిమేట్‌లో రాయని వాటి వల్ల జరుగుతుంది. పాత సీసీని తవ్వి తీయకుండా దాని మీదే కొత్తది పోస్తే వీధి ఒక్కసారిగా 15 సెంటీమీటర్లు లేస్తుంది. రెండుసార్లు అలా జరిగితే అడుగు ఎత్తు. పాత ఇళ్ల గడపలు రోడ్డుకు దిగువన పడి, ప్రతి వానకూ నీళ్లు ఇంట్లోకి వస్తాయి. గడపల ఎత్తు కొలిచి, పాత రోడ్డు తొలగింపును ఒక అంశంగా రాయించుకోవాల్సింది కొలతల రోజునే. కుళాయి పైపులూ అంతే. రోడ్డు పోయకముందే ఇంటింటికీ ఎదురుగా అడ్డంగా ఒక ఖాళీ పైపు వేసి ఉంచితే, తర్వాత కనెక్షన్ కావాల్సినవాళ్లు దానిలోంచి లాగుకుంటారు. అది లేకపోతే ఆర్నెల్లు తిరగకముందే కొత్త రోడ్డుకు గాట్లు పడతాయి, ఆ గాట్లను పూడ్చే నాథుడు ఉండడు. పగుళ్లు వస్తే కాంట్రాక్టరు సొంత ఖర్చుతో బాగు చేయాల్సిన గడువు ఒప్పందంలో రాసి ఉంటుంది. ఆ గడువు ఏ తేదీతో ముగుస్తుందో వీధిలో ఒక్కరికీ తెలియదు. పని బోర్డు మీద ఆ తేదీ రాయడానికి ఒక్క లైను చాలు.

కాగితం భాష కూడా అడ్డంకే. ఎజెండా తెలుగులో ఉన్నా ఎస్టిమేట్ ఇంగ్లిషు పొడి అక్షరాల్లో ఉంటుంది. మొత్తం తర్జుమా చేయనక్కర్లేదు. ఏ వార్డు, ఏ వీధిలో ఎక్కడి నుంచి ఎక్కడికి, పొడవు, వెడల్పు, మందం, పాత రోడ్డు తీస్తారా లేదా, పక్క కాలువ ఉందా లేదా, ఏ నిధులు, ఎన్ని రోజుల్లో పూర్తవ్వాలి. ఈ ముక్కలు పెద్దక్షరాల తెలుగులో రాసి, ఎస్టిమేట్ వేసిన వారంలో ఆ వీధి మొదట్లో అతికించాలి. ఇంజినీరింగ్ విభాగానికి పావుగంట పని.

నీళ్ల కబురు దీనికంటే అత్యవసరం, దీనికంటే నాసిగా ఉంటుంది. ‘రేపు పట్టణంలోని కొన్ని ప్రాంతాల్లో నీటి సరఫరాకు అంతరాయం’ అన్న సందేశం చదివి ఎవరూ బిందె నింపుకోలేరు. తమ వీధి ఉందో లేదో తెలియదు, ఎప్పుడు తిరిగి వస్తాయో తెలియదు. ఫలానా ట్యాంకు కింద ఉన్న ఫలానా వీధులు, ఉదయం విడత ఉండదు, సాయంత్రం ఇన్ని గంటలకు వదులుతాం, కారణం ఇది అని రాయాలి. సరఫరా తిరిగి మొదలైనప్పుడు మొదట వచ్చే నీళ్లు తాగడానికి పట్టుకోవద్దని కూడా చెప్పాలి. దీనికి కారణం ఉంది. రోజుకు గంటో రెండు గంటలో నీళ్లు వదిలే పట్టణాల్లో మిగతా సమయమంతా పైపు ఖాళీగా ఉంటుంది. ఖాళీ పైపులో ఒత్తిడి పడిపోయి, జాయింటు వదులైన చోట బయటి తేమను లోపలికి లాగుతుంది. ఆ చోటు మురుగు కాలువ కింద ఉంటే వచ్చేది మురుగే. వానాకాలంలో ఒకే వీధిలో వరుసగా వాంతులు, విరేచనాలు మొదలయ్యాయంటే ముందు వెతకాల్సింది కాలువను దాటే పైపులనే.

కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని తాగునీటి ప్రమాణం చెబుతోంది. క్లోరిన్ కొలిచే చిన్న పరికరం క్లోరోస్కోపులో నీళ్లు పోసి, మందు చుక్కలు వేసి, పసుపు రంగును పట్టీతో పోల్చి చూడటం రెండు నిమిషాల పని. ఎక్కడ చూస్తారన్నది ముఖ్యం. ట్యాంకు కింద చూస్తే ఎప్పుడూ బాగానే ఉంటుంది. లైను చిట్టచివరి ఇంట్లో చూడాలి, క్లోరిన్ అక్కడికి చేరేలోపే ఖర్చైపోతుంది. తేదీ, వీధి, వచ్చిన అంకె, ఈ మూడూ వార్డు సచివాలయం దగ్గరో ట్యాంకు గోడ మీదో రోజూ సుద్దముక్కతో రాస్తే చాలు. వరుసగా మూడు రోజులు రాయలేదంటే అది కూడా జనానికి ఒక సమాచారమే.

డబ్బు సంగతి క్లుప్తంగా. మున్సిపాలిటీ చేతిలోని నిధులన్నీ ఒకే సంచిలోవి కావు. కేంద్రం నియమించిన 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి చిన్న పట్టణాలకు సిఫార్సు చేసిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికే ముడిపెట్టింది. ‘డబ్బులున్నాయి కదా, రోడ్డెందుకు వేయరు’ అన్న ప్రశ్నకు కొన్నిసార్లు జవాబు ఇదే. ఆ గ్రాంటు అందాలంటే ఖాతాలు జనం చూసేలా ఆన్‌లైన్‌లో పెట్టాలన్న షరతు కూడా విధించింది. ఖాతాలు ఎక్కడ ఉన్నాయో వార్డు సమావేశంలో అడగడం తప్పేమీ కాదు.

మరి కబురు మోసేదెవరు? కొత్త యాప్ అక్కర్లేదని గట్టిగా చెప్పాలి. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద మహిళల పొదుపు సంఘాలు, వాటి మీద మురికివాడల స్థాయి సమాఖ్యలు, పట్టణ సమాఖ్య ఉన్నాయి. సంఘాలను చూసుకునే ఆర్పీలకు (రిసోర్స్ పర్సన్లకు) ప్రతి వీధిలో ఎవరింట్లో కుళాయి లేదో పేరుతో సహా తెలుసు. సంఘం సమావేశంలో అప్పు వాయిదాల మాట అయ్యాక అయిదు నిమిషాలు ఆ నెల ఎజెండాలో తమ వార్డు అంశాలు చదివితే, కౌన్సిలరు ఇంటికి వెళ్లే పదిమందిలో నలుగురు కాగితం చూసి వెళ్తారు. ఆర్పీల మీద ఇప్పటికే పనిభారం ఎక్కువ. అందుకే వాళ్ల చేతికి చేరేది వార్డువారీగా విడదీసిన ఒక్క పేజీయే అయి ఉండాలి, నలభై పేజీల ఎజెండా కట్ట కాదు.

శాఖా గ్రంథాలయం మరో చోటు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా జనం కడుతూనే ఉన్నారు. వసూలు చేసిన ఆ సొమ్మును మున్సిపాలిటీలు జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేయక బకాయి పెట్టడం రెండు రాష్ట్రాల్లోనూ పాత జబ్బు. పొద్దున్నే పేపరు కోసం వచ్చే పెద్దలు, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు కూర్చునే ఆ గదిలో కౌన్సిల్ ఎజెండా ఒక ఫైలు, సమావేశంలో ఏం తేల్చారో రాసిన మినిట్స్ ఒక ఫైలు ఉంచాలి. చదవడం వచ్చినవాళ్లు, తీరిక ఉన్నవాళ్లు అక్కడే ఉన్నారు.

వాట్సాప్‌ను తీసిపారేయలేం. అందులో చెడేది ఎక్కువగా తేదీ దగ్గరే. నిరుటి పన్ను రాయితీ ప్రకటన ఈ ఏడు మళ్లీ తిరుగుతుంది, జనం వరుస కట్టి వెనక్కి వస్తారు. పంపే ప్రతి సందేశం మొదటి లైనులో తేదీ, వార్డు నంబరు, చివర తీర్మానం నంబరు రాయాలన్న నియమం గ్రూపు నడిపేవాళ్లు పెట్టుకుంటే సగం గందరగోళం తగ్గుతుంది.

అడిగినా ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. మున్సిపాలిటీకి దరఖాస్తు రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ‘మా వార్డు పనుల వివరాలు ఇవ్వండి’ అని రాస్తే అస్పష్టంగా ఉందని వెనక్కి వస్తుంది. పని పేరు, ఆర్థిక సంవత్సరం రాసి, ఎస్టిమేట్ నకలు, ఒప్పందం నకలు, ఎం-బుక్‌లో ఆ పని పేజీల నకళ్లు అని విడివిడిగా అడగాలి. అదే చట్టం 2(జె) సెక్షను పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సరుకు నమూనా తీసుకునే హక్కు కూడా ఇచ్చింది. దీన్ని వాడుకునేవాళ్లు చాలా తక్కువ. 30 రోజుల్లో రోడ్డు పోసేయడం, ఆరడం, బిల్లు కావడం కూడా అయిపోవచ్చు గనుక, పని మొదలు కాకముందే దరఖాస్తు పడాలి.

పాలకవర్గం గడువు తీరి ఎన్నికలు ఆలస్యమైనప్పుడు ఈ బాధ మరీ ఎక్కువ. తెలంగాణలో 2020లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2025 జనవరిలో ముగిశాక పట్టణాలు ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లాయి. అలాంటి కాలంలో కౌన్సిల్ కూర్చోదు, ఎజెండా పంచరు, అడగడానికి కౌన్సిలరు ఉండడు. పనులు మాత్రం ఆగవు. తీర్మానం అవసరమైన ప్రతిచోటా ప్రత్యేకాధికారి ఉత్తర్వు వెలువడుతుంది, దానికీ నంబరు, తేదీ ఉంటాయి. ఆ ఉత్తర్వుల నకళ్లు వారం వారం నోటీసు బోర్డు మీద పెట్టాలని వార్డు నుంచి పదిమంది సంతకాలతో రాసిచ్చి, రసీదు తీసుకోవాలి.